జానెడు తక్కువ

గల్ఫ్‌లో సీబ్ ఊరి తెలుగు క్రైస్తవ సంఘం ఆడవాళ్ళ వాలీబాల్ జట్టుకి తొమ్మిదేళ్ళుగా సెట్టర్ కృపాబాయే. సెట్టర్ అంటే నెట్ పక్కన నిలబడి, వచ్చిన బంతిని వేళ్ళమీద అందుకుని, పక్కావిడ కొట్టడానికి వీలుగా పైకి లేపే మనిషి. బంతి అవతల పడితే కొట్టినావిడకి చప్పట్లు, నెట్‌లో పడితే లేపినావిడకి తిట్లు. అయినా కృపాబాయికి ఆ చోటంటే ప్రాణం. వారమంతా ఆసుపత్రి వార్డులో ఎవరెవరో పురమాయించిన పనులు చేసే మనిషికి సెలవు రోజైన శుక్రవారం సాయంత్రం ఓ రెండు గంటలు ఆట మొత్తం తను చెప్పినట్టు నడిచేది.

నలభై మూడేళ్ళు నిండాయి. కుడిచేతి వేళ్ళు రెండు సరిగ్గా వంగడం మానేసి ఏడాదైంది. వాటికి తెల్ల ప్లాస్టరు చుట్టుకుని, ఏదో అలర్జీ అని చెప్పుకొస్తోంది. జట్టులో ఉన్న ఏడుగురూ నర్సులే. నర్సులకి అలర్జీ కథ చెప్పి నమ్మించానని ఆమె అనుకోవడం, నమ్మినట్టు వాళ్ళు తలలూపడం, రెండూ ముచ్చటగా సాగిపోతున్నాయి.

అలా సాగిపోతుండగా జూలీ వచ్చింది.

రెండు వారాల కిందట ఆరాధన అయ్యాక మనోహరం గారు లేచి నిలబడి ఒక ఉత్తరం చదివారు. ఆయనకి రుసైల్‌లో గోడౌన్ ఉద్యోగం. అది కాక సంఘానికి కార్యదర్శి, జట్టుకి కోచ్, వ్యానుకి డ్రైవరు. ఈ మూడింటికీ జీతం లేదు గనక మూడింటిలోనూ ఆయన మాటకి తిరుగులేదు. దగ్గర్లోని మత్రా ఊరి సంఘం నుంచి సహోదరి జూలీ మన సంఘానికి మారుతోందని, ఆమె సాక్ష్యం, అంటే నడవడి, మంచిదని అక్కడి పాస్టరుగారు రాశారు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, నర్సు, ఆసుపత్రి మారి సీబ్‌కి వచ్చింది.

ఉత్తరంలో లేనిది అంజలి చెప్పింది. అంజలి జట్టులో బంతిని గట్టిగా కొట్టే పిల్ల, వార్తలు అంతకంటే గట్టిగా చేరవేస్తుంది. జూలీ నర్సింగ్ కాలేజీలో ఉండగా యూనివర్సిటీ జట్టుకి సెట్టరట. మత్రాలో కూడా ఆరు నెలలు ఆడి, ఉన్నట్టుండి మానేసిందట. జాతీయ దినోత్సవం సెలవుల్లో జరిగే టోర్నమెంటుకి తప్ప ఈ రెండు జట్లూ ఎదురుపడవు, ఆ ఆరు నెలల్లో అది రాలేదు కాబట్టి ఆమె ఆట సీబ్‌లో ఎవరూ చూడలేదు. తీసుకుందామని కొందరు, అంత మంచి ప్లేయరైతే మత్రావాళ్ళు ఎందుకు వదులుతారని కొందరు. ఆమె వస్తే కృపక్క ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు. అనకపోవడమే కృపాబాయికి ఎక్కువ గుచ్చుకుంది.

టోర్నమెంటుకి పేర్లు ఇవ్వాల్సిన శుక్రవారం వచ్చింది. పొద్దున ఆరాధనకి వెళ్ళేటప్పుడు జూలీ వ్యానులో బాగా వెనక, నీళ్ళ క్యాన్ల పక్కన కూర్చుంది. సాయంత్రం స్కూలు గ్రౌండులో దిగాక మనోహరం గారు కృపాబాయిని పక్కకి పిలిచారు.

"సెట్టర్ సంగతి సెట్టరుకే తెలుస్తుంది చెల్లెమ్మా. పిల్ల చేత కాసేపు ఆడించి నువ్వే చెప్పు. నువ్వు వద్దంటే వద్దు."

కృపాబాయి నవ్వి తలూపింది. కానీ పొద్దున ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడే, ఆ పిల్లకి ఆట రాకుండా ఉంటే బాగుండునని కోరుకుంది. ఇలాంటి కోరిక కోరుకున్నందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే మళ్ళీ అదే కోరుకుంది.

కోరిక ఫలించినట్టే కనిపించింది. జూలీ లేపిన మొదటి బంతి అంజలి చేతికి సరిగ్గా అందక నెట్‌లో పడింది. రెండోది, మూడోదీ అంతే. ఆరోది కూడా నెట్‌లో పడేసరికి అందరి మొహాలూ తేటపడ్డాయి. పాపం అలవాటు తప్పినట్టుందని ఒకరన్నారు. పేర్లు రాయడానికి మనోహరం గారు జేబులోంచి పెన్ను తీశారు.

కృపాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. ఆట రానివాళ్ళ బంతి ఒకటి ముందుకి పోతుంది, ఒకటి వెనక్కి పోతుంది, ఒకటి ఎటూ పోదు. ఈ ఏడాదిగా తన బంతులే అలా పోతున్నాయి. జూలీ బంతులు అలా పోలేదు. ఆరూ ఒకే చోటినుంచి, ఒకే తీరున, వణుకు లేకుండా లేచి, అంజలి చేతికి సరిగ్గా జానెడు కింద ఆగాయి. ఎంత ఎత్తు కావాలో బాగా తెలిసిన మనిషికి తప్ప అలా గురి తప్పడం చేతకాదు.

ఈ సంగతి ఇంకెవరూ గమనించలేదు. తను నోరు మెదపకపోతే చాలు, పదో ఏడు కూడా తన పేరే. కృపాబాయి మనోహరం గారి చేతిలోని పెన్ను వైపు చూసింది. తర్వాత నీళ్ళు తాగుదాం రమ్మని జూలీని వ్యాను దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎందుకమ్మా ఇలా చేశావు?"

"ప్రాక్టీసు లేదక్కా."

"ఆ మాట అంజలికి చెప్పు, నమ్ముతుంది. ఆరు బంతులూ ఒకే జానెడు తక్కువ లేపావు."

జూలీ గ్లాసులోకి చూస్తూ చెప్పింది. మత్రాలో చేరిన మొదటి నెలలోనే, పదకొండేళ్ళుగా ఆడుతున్న ఒక పెద్దక్కని తీసేసి ఆ చోటు ఈమెకి ఇచ్చారు. ఆటలు గెలిచారు. ఆ తర్వాత, ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమ విందులో ఈమె ఏ బల్ల దగ్గర కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయ్యేది.

"ఎవరూ ఒక్క మాట అనలేదక్కా. వ్యానులో పక్క సీట్లో బ్యాగు పెట్టుకునేవాళ్ళు, అంతే. ఇక్కడ నాకెవరూ లేరు. ఆడకపోయినా పర్లేదు, పక్కన కూర్చోనిచ్చే మనుషులు ఉంటే చాలు."

కృపాబాయి మొహం మాడిపోయింది. పొద్దున జూలీ వ్యాను ఎక్కి ఒక్క క్షణం తన సీటు దగ్గర ఆగింది. పక్క సీట్లో తన నల్ల బ్యాగు ఉంది. తను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల క్యాన్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"రా," అంది కృపాబాయి. గ్రౌండులోకి వెళ్ళి అంజలిని పక్కకి జరగమని, ఆమె చోట తను నిలబడింది. "నాకొకటి లేపు. ఈసారి సరిగ్గా లేపు."

జూలీ తటపటాయించింది. తర్వాత లేపింది. బంతి మెత్తగా పైకి లేచి, ఎదురుచూస్తున్నట్టు గాలిలో నిలబడింది. తొమ్మిదేళ్ళలో తనకోసం ఎవరూ బంతి లేపలేదని కృపాబాయికి అప్పుడు గానీ తెలియలేదు. వయసు ఎగరనిచ్చినంత ఎగిరి కొట్టింది. వేళ్ళు సలిపాయి. బంతి గోడ దాటి రోడ్డుమీద పడింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

"సెట్టర్ జూలీ అని రాసుకోండన్నయ్యా," అంది.

"మరి నువ్వో?" అన్నారు మనోహరం గారు.

కృపాబాయి ప్లాస్టరు విప్పింది. వాచిన కణుపులు చూపించి, ఇది అలర్జీ కాదని చెప్పింది. ఏడాదిగా దాచిన మాట బయటపెట్టినా ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలుసక్కా," అంది అంజలి మెల్లగా. "నువ్వు చెప్తావని చూస్తున్నాం."

మనోహరం గారు జూలీ పేరు పైన రాసి, కృపాబాయి పేరు అడుగున, అదనపు ప్లేయర్ల వరసలో రాశారు. ఇన్నేళ్ళూ పైనున్న పేరు అడుగున చూసుకుంటే ఆమెకి బాధేసింది. బాధ లేదని బుకాయించలేదు కూడా, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

తిరిగి వెళ్ళేటప్పుడు ముందుగా వ్యానెక్కి తన కిటికీ సీట్లో కూర్చుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. జూలీ ఎక్కి తల వంచుకుని వెనక్కి వెళ్ళబోయింది.

"ఎక్కడికే? ఇలా కూర్చో."

జూలీ కూర్చుంది. వ్యాను కదిలాక, అడగకుండానే ఆమె కృపాబాయి కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని ఆ రెండు వేళ్ళూ నొక్కి చూడడం మొదలుపెట్టింది. నొప్పిగానే ఉన్నా కృపాబాయి చెయ్యి లాక్కోలేదు.