ప్లేటు అంచున ఊపిరి

మా ఆయన లియోకి జాజ్ పిచ్చి. ఎప్పుడో ఎనభై, తొంభై ఏళ్ల కిందటి పాటలను ఇప్పుడు కొత్త రికార్డు ప్లేట్లుగా మళ్లీ అచ్చేసి అమ్ముతారు. అవన్నీ ఏరి ఏరి కొంటాడు. కోలారు బంగారు గనుల దగ్గర చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికులకు వరసగా కట్టిన ఇళ్లలో మాది ఒక లైను ఇల్లు. బియ్యం డబ్బాకు చోటు లేదు గానీ వీటికి బీరువా ఉంది. ఏ ప్లేటు వచ్చినా స్పిరిట్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచాకే సూది పెడతాడు. నా ముఖాన్ని అంత శ్రద్ధగా ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ఒక మధ్యాహ్నం మా మేనత్త ఆలిస్ పాత చీరలో చుట్టిన గ్రామఫోను ప్లేటు తెచ్చింది. మా తాత గని బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు. పడుచు వయసులో మద్రాసు వెళ్లి ఇచ్చిన ఒకే ఒక్క రికార్డు అది. ఇంకో ప్రతి ఎక్కడా లేదు. పాత పాటలు మళ్లీ వేసే కంపెనీ ఒకటి, దీన్నీ వేస్తాం, ధ్వని తీసి పంపమని లియోకి రాసింది. వారం రోజులుగా అతని కాలు నేల మీద నిలవడం లేదు.

అత్తకు కంపెనీ గొడవ పట్టలేదు.

"పాటకు ముందు మా నాయన ఊపిరి తీసుకుంటాడప్పా. అది వినాల నాకు," అంది. "నాకు బుద్ధి తెలిసినప్పట్నించి ఆయప్పకు దగ్గే. గని దుమ్ము తినేసినాది. మంచి ఊపిరి దీంట్లోనే ఉండాది."

"రవ్వంత ఓర్చుకో అత్తా. శానా దుమ్ము ఉండాది, తుడిచేస్తా," అన్నాడు లియో.

నేను వంటింట్లో టీకి పాలు పెట్టాను. వాసన వచ్చింది. స్పిరిట్ వాసన మా ఇంట్లో కొత్త కాదు, కానీ ఇది వేరు. మా నాన్న లక్కను స్పిరిట్‌లో కరిగించి కుర్చీలకు పాలిష్ పెట్టేటప్పటి వాసన. పాత ప్లేట్లు లక్కతోనే చేసేవారని ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. పాలు పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాను.

"చెయ్యి తియ్యి."

"ఏందే ఎవాంజలిన్?" అంటూ ఇంకో చుట్టు తుడవబోయాడు. మణికట్టు పట్టి లాగేశాను. గుడ్డ నల్లగా ఉంది.

"దుమ్ము," అన్నాడు.

"దుమ్మా? అది ప్లేటు. లక్కది. స్పిరిట్‌కు కరిగిపోతా ఉండాది."

లియో ముఖం పాలిపోయింది. కొత్త ప్లేట్లు ప్లాస్టిక్‌వి, వాటికి స్పిరిట్ ఏమీ చేయదు. అన్ని కొన్నాడు గానీ ఆ కాలపు అసలు ప్లేటు ఇదే మొదటిసారి అతని చేతికి రావడం. బయటి అంచున చిటికెన వేలు వెడల్పున గీతలు చెదిరి, మెరుపు పోయింది. పాట మొదలయ్యేది అక్కడే. నాకొచ్చిన కోపానికి ఆ బీరువాను వీధిలో పడేయాలనిపించింది.

"మొదలు పోయినాదా?" అత్త అడిగింది.

లియో గుడ్డను వెనక్కి దాచుకున్నాడు.

"వెయ్యప్పా," అంది.

ఆరనిచ్చి సూది పెట్టాడు. పాలు పొంగి మాడుతున్నాయి, నేను కదలలేదు. బరబర. అత్త ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది. మళ్లీ బరబర. ఆమె గోళ్లు దిగుతున్నాయి. ఉన్నట్టుండి ట్రంపెట్ పాట నడుమ నుంచి వినబడింది. ఊపిరి లేదు.

నాకు ఏడుపొచ్చింది. లియో తల వంచుకుని సూది ఎత్తబోయాడు.

"ఎత్తొద్దు," అంది అత్త. "ఒక్క ఊపిరితోనే అంతా ఊదేస్తాడా ఏమి? మళ్లీ తీసుకోవాల కదా."

ట్రంపెట్ పైకి పోయింది. అక్కడే నిలబడింది. దిగదు, ఆగదు. నాకే ఊపిరాడలేదు. చివరికి ఆగింది.

ఆ సందులో మా తాత గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

అత్త నా చెయ్యి వదిలింది.

"దగ్గలేదు చూడు," అంది.