వెనక్కి తీసుకున్న ఒప్పందం

మధ్యవర్తిత్వం నేర్పే పనిలోకి దిగేనాటికి అతని చేతిలో ఉన్న సరుకు రెండే: బట్టల కొట్టులో అరగదీసిన నాలుక, అక్కకున్న మంచి పేరు. కొట్టు మూతపడింది. అక్క కార్మికులకూ యజమానులకూ మధ్య తగువులు తీర్చే ఆఫీసులో పనిచేసి రిటైరైంది. రాజీ మాటలు ఎలా నడపాలో ఇప్పుడు సంస్థలకూ ప్రభుత్వ శాఖలకూ శిక్షణ ఇస్తోంది. ఆమెకు వినడం వచ్చు, అతనికి బేరం వచ్చు. రెండూ కలిస్తే గిట్టుబాటవుతుందని లెక్కేసుకున్నారు.

ఆమె షరతు ఒక్కటే. "ఒరేయ్, మధ్యలో కూర్చున్నవాడు ధర చెప్పకూడదు. నోరు ఎంత దురద పెట్టినా సరే."

"చెప్పనులే అక్కా."

"చెప్తావు. మీ ఆవిడతో గొడవపడ్డా సగానికి సగం అంటావు. నాకు తెలీదూ."

వాళ్లకు నగరపాలక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ రోడ్ల శాఖ తారు వేస్తుంది, అది ఆరకముందే నీటి శాఖ తవ్వుతుంది. ఊరంతా నవ్వుకునే సంగతే. ఒక్కరోజు చూస్తాననీ, నచ్చితే ఏడాది పొడుగునా అన్ని శాఖలకూ మీరే నేర్పాలనీ కమిషనర్ అన్నాడు. ఆ పని వస్తే ఇద్దరికీ చేతినిండా పని. రాకపోతే ఉన్నదానికి అక్క ఒక్కత్తే చాలు, తమ్ముడు అదనం. ఆ మాట ఆమె అనలేదు. అతనికే తెలుసు.

సమావేశాల గదిలో పొడుగు బల్లకు అటు రోడ్ల ఇంజనీరు, ఇటు నీటి ఇంజనీరు కూర్చున్నారు. ఆయనకు తల నెరిసింది, ఆవిడ చేతిలో హెల్మెట్ ఇంకా అలాగే ఉంది. బల్ల కొసన అతను, పక్కన అక్క. సిబ్బంది గోడవారగా కుర్చీల్లో సర్దుకున్నారు. కమిషనర్ వెనక వరసలో ఫోన్ చూసుకుంటున్నాడు.

అభ్యాసం తేలికే. అవతలివాళ్ల బాధను మీరు చెప్పాలి, వాళ్లు "అవును, అదే" అనేదాకా.

"మేడమ్ బాధేంటంటే, తాజా తారు కనబడితే చేతులు ఊరుకోవు," అన్నాడు రోడ్ల ఇంజనీరు. గోడవారన నవ్వులు.

"అది కాదు. ఈయన బాధేంటంటే, ఫొటో దిగేదాకా రోడ్డుంటే చాలు," అంది నీటి ఇంజనీరు.

"అదీ కాదు."

పొద్దుటి పూటంతా ఇదే వరస. బయట పళ్లేలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. అతని నాలుక ఇక ఆగలేదు. "పోనీ, నెలలో మొదటి సగం తవ్వకాలు, రెండో సగం తారు. సగానికి సగం. సరేనా?"

అక్క చెప్పుకాలితో అతని పాదం తొక్కింది. అప్పటికే మాట జారిపోయింది.

"సరే," అన్నాడాయన. "సరే," అంది ఆవిడ.

కమిషనర్ ఫోన్ పక్కన పెట్టేశాడు. "ఏళ్ల తరబడి తెగనిది పూటలో తేల్చారే. తినొచ్చాక మీ ఏడాది కాగితాల మీద సంతకం పెట్టేస్తాను."

భోజనాల దగ్గర ఇద్దరు ఇంజనీర్లూ ఎడమొహం పెడమొహంగా తిన్నారు. అతనికి తన కొట్టు గుర్తొచ్చింది. సణుగుతూ, గీచి గీచి బేరమాడి కొన్నవాళ్లెవరూ కొట్టుకు బట్ట వెనక్కి తెచ్చేవాళ్లు కాదు. గుడ్డను చేత్తో తాకి కూడా చూడకుండా "సరే, కట్టండి" అన్నవాళ్లే మర్నాడు మూటతో దిగేవాళ్లు. పొద్దున విన్నది ఆ రకం "సరే".

చేతులు కడుక్కునేచోట అక్కను పట్టుకున్నాడు. "ఇది నిలవదు."

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"అమ్మింది నువ్వు."

"చెబితే ఏడాది పని పోతుందేమో."

"పోవచ్చు," అంది, చేతులు తుడుచుకుంటూ.

అందరూ మళ్లీ కూర్చున్నాక అతను లేచి నిలబడ్డాడు. "సార్, పొద్దున వీళ్లకు నేనే ఒక నాసి సరుకు అంటగట్టాను. వెనక్కి తీసుకుంటున్నాను."

కమిషనర్ చేతిలో పెన్ను ఆగింది. "తెగినదాన్ని మళ్లీ కెలకడమెందుకండీ?"

"తెగలేదు సార్. ఆకలేసింది." నీటి ఇంజనీరు వైపు తిరిగాడు. "మేడమ్, ఈ ఒప్పందం రేపు మీవాళ్లకు చెబితే ఏమంటారు?"

"పైపు తేదీ చూసుకుని పగులుతుందా మేడమ్, అంటారు."

"మీవాళ్లో సార్?"

"వాన లేనినాడు తారు వేస్తాం గానీ, నెలలో సగం చూసుకుని వేస్తామా అంటారు."

అతని నాలుక చివర మూడు ఉపాయాలు ఆడుతున్నాయి. రెండు చేతులూ బల్ల కింద బిగించి, పళ్ల మధ్య పెదవి పట్టుకుని కూర్చున్నాడు. ఇంతసేపు మూగగా ఉండటం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

చివరికి రోడ్ల ఇంజనీరు నోరు విప్పాడు. "తవ్వితే తవ్వనీండి. గుంత దగ్గర బోర్డు మీద నా నంబరుంటుంది. మొన్న మా అమ్మాయి ఫోనెత్తితే, ఎవడో వినకూడని మాటలన్నాడు."

ఆవిడ హెల్మెట్ బల్ల మీద పెట్టింది. "అంటే, గుంత మాది, తిట్లు మీ ఇంటికి."

"అవును, అదే."

"బోర్డు మీద నా నంబరు వేయిస్తాను. కానీ తారు ఏ వీధిలో వేస్తున్నారో మాకు ముందు చెప్పేవాళ్లే లేరు. చెబితే పాత పైపులు అప్పుడే మార్చేయమా?"

"అంటే, మేం చెప్పకుండా వేసేసి, ఊళ్లో మిమ్మల్ని దొంగల్ని చేస్తున్నాం."

"అవును, అదే."

కమిషనర్ పెన్ను మూత పెట్టాడు. "బాగానే ఉంది. కానీ మీరు ఇచ్చినమాట వెనక్కి తీసుకునే మనిషి. ఏడాది పని ఇప్పుడే ఇవ్వలేను. వచ్చే నెల వీధి దీపాలవాళ్లకు ఇంకో రోజు నేర్పండి, చూద్దాం."

మెట్లు దిగుతుంటే అక్క అడిగింది. "కాలు నొప్పెడుతోందా?"

"ఎందుకు పెట్టదు? అంత తొక్కుడు తొక్కావుగా."

"వచ్చే నెల మడమతో తొక్కుతాను. బల్ల కొసన మళ్లీ నువ్వే కూర్చోవాలి."

లెక్క చూసుకుంటే, పోయింది ఏడాది పని. వచ్చింది ఇంకో రోజు, ఒక బోర్డు మీద మారబోయే నంబరు, బల్ల కొసన కుర్చీ. నష్టం లేదనుకున్నాడు.