టీ పెట్టే పరీక్ష

కాగితం మీద పరీక్షలో ఆమెకు దాదాపు పూర్తి మార్కులు వచ్చాయి. తేదీ చెప్పింది, వందలోంచి ఏడు చొప్పున తగ్గించింది, గడియారం బొమ్మ గీసింది. లెక్కల టీచరమ్మ, ఆ మాత్రం చేయదా? మెదడులో రక్తం గడ్డకట్టి రెండు నెలలుగా మా వార్డులో ఉంది. ఇక తేలాల్సింది ఒక్కటే. భర్త పనికి వెళ్లాక, ఇంట్లో నాలుగేళ్ల కూతురితో ఒంటరిగా నెట్టుకురాగలదా? లేదంటే ఇంటికి కాదు, ఊరి చివర సంరక్షణ కేంద్రానికి పోవాలి. అక్కడికి చిన్నపిల్లలను రానివ్వరు. ఎటు పంపాలో రాయాల్సింది, రోగులు రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలరో లేదో చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టునైన నేను.

మిగతావన్నీ చూసేశాను. చివరిగా వార్డు పక్కనున్న వంటగదిలోకి తీసుకెళ్లి, "ముగ్గురికి టీ పెట్టండమ్మా" అన్నాను. రుచి నాకనవసరం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తనే తేల్చుకుంటుందా, పొరపాటు జరిగితే తనే పట్టుకుంటుందా అన్నదే చూస్తాను. అందుకే పక్కన ఎవరూ నోరు విప్పకూడదు.

పక్కనే కుర్చీలో కూర్చున్న ఆమె మొగుడు విప్పాడు.

"గిన్నె కింద అరలో ఉంది. ఆ, అదే. పాలు ముందు. మంట తగ్గించు, తగ్గించు."

ఆమె చెయ్యి కదలకముందే ఆయన నోరు కదులుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇలాగైతే నేను పరీక్షిస్తున్నది ఈయన మెదడునన్నమాట.

"సార్, మీరేం చేస్తుంటారు?"

"డ్రైవింగ్ స్కూలండీ. ఇన్నేళ్లలో కారు మీద ఒక్క గీత పడనివ్వలేదు. నా వైపు కూడా బ్రేకుంటుంది."

"లైసెన్సు పరీక్ష రోజున మీ సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"ఇన్‌స్పెక్టరు."

"మరింకేం, లేవండి."

లేచాడు గానీ గొణుగుడు ఆపలేదు. "మీకేమండీ, రాసేసి చక్కా పోతారు. రేపేమన్నా అయితే నేను చావాలి."

అది నిజమే. అయినా నా కోపం తగ్గలేదు. ఆయన్ని అద్దాల తలుపు బయట నిలబెట్టి, గిన్నెలూ డబ్బాలూ వేరే అరల్లోకి మార్చి, మళ్లీ మొదలుపెట్టమన్నాను.

"పీడా పోయింది" అందామె మెల్లగా.

వెతుక్కుని గిన్నె తీసింది. పాలు పొయ్యి మీద పెట్టి, కప్పులు కడగడానికి సింకు వైపు తిరిగింది. వెనక పాలు పైకి లేస్తున్నాయి. ఒంటికి ముప్పయితే తప్ప నేను కలగజేసుకోకూడదు. పళ్లు బిగబట్టాను. అద్దం అవతల ఆయన కుడికాలు నేలను గట్టిగా తొక్కుతోంది. అరిచారో ఊరుకోను అన్నట్టు గుడ్లురిమి చూశాను.

పాలు పొంగి మంట మీద చుయ్‌మన్నాయి. ఆమె గిరుక్కున తిరిగింది. తిరిగి, అలాగే నిలబడిపోయింది. కదలవేమమ్మా అని లోలోపల తిట్టుకుంటున్నాను.

స్టవ్ కట్టేసింది. గిన్నెలోకి తొంగిచూసి, ఒక కప్పు వెనక్కి పెట్టేసింది. "ఇద్దరికే వస్తాయండీ."

పాలు ఎవరికైనా పొంగుతాయి. పొంగాక ఏం చేస్తుందన్నదే నాకు కావాలి.

"ఇంటికని రాస్తున్నానమ్మా" అన్నాను.

ఆ మాట వినపడిందో ఏమో, ఆయన తలుపు తోసుకుని వచ్చేశాడు. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో గుడ్డ అందుకుని స్టవ్ తుడవబోయాడు. ఆమె ఆ గుడ్డ లాగేసుకుంది.

"ఆగండి. ఇన్నాళ్లూ మంచినీళ్లు కూడా మీరే తాగించారు. అవి నేను పొంగించిన పాలు. నేనే తుడుచుకుంటాను."