బోరు మొక్కు

త్రివేణికి పెళ్లయిన మరుసటి ఏడే తలనొప్పి మొదలైంది. మందులు మింగీ మింగీ విసిగి నకిరేకల్ దవాఖానకు పోతే, అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి, మాత్రల కన్నా ముందు మరో పని చెప్పింది. పొద్దున్నే అరగంట నడవాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు. ఒక అడుగుకు గాలి లోపలికి, మరో అడుగుకు బయటికి, మనసంతా ఆ ఊపిరి మీదే ఉండాలి. ఒంటికి కసరత్తు, మనసుకు ధ్యానం, రెండూ కలిసొస్తాయంది.

చెప్పడానికేం, చెప్పింది. కేతేపల్లిలో ఆడమనిషి నీళ్లకు పోవచ్చు, కూలికి పోవచ్చు, నెత్తిన గంప పెట్టుకుని చేను దాకా పరుగున పోవచ్చు. ఊరికే నడవడం మాత్రం కుదరదు. నాలుగు రోజులు గడవకముందే ఆమె నడక ఊరంతా పాకింది. మీ కోడలికి ఇంట్లో పని లేదా అని ఎవరో అడిగారట. అత్త నర్సింగమ్మ ఆ మాట తెచ్చి కోడలి ముందు పడేసింది. కుండకు మూకుడు పెట్టొచ్చుగానీ ఊరి నోటికేం పెడతాం?

అప్పుడు త్రివేణి ఒక తెలివైన పని చేసింది. అబద్ధమాడిందనండి, నాకేం అభ్యంతరం లేదు. తమ బత్తాయి తోటలో బోరు పడాలని హనుమంతుడికి మొక్కుకున్నాననీ, రోజూ పొద్దున గుడి చుట్టూ మాట్లాడకుండా తిరగాలనీ చెప్పింది. అప్పటికే ఆ తోటలో వేసిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. నర్సింగమ్మ మారు మాట్లాడలేదు సరికదా, పొద్దున పొయ్యి తానే ముట్టిస్తానంది.

ఎంత హాయిగా గడిచాయో ఆ పొద్దులు. కాళ్ల కింద చల్లటి బండలు, లోపలికి గాలి, బయటికి గాలి. దేవుడు కూడా ఆమె జోలికి రాలేదు. తలనొప్పి తగ్గింది, నిద్ర పట్టింది. రోజు మొత్తంలో ఎవరికీ పంచక్కర్లేని జాగా ఆమెకు అదొక్కటే.

అంతలో బోరు పడింది. భర్త మల్లికార్జున్ ధైర్యం చేసి బోరు బండిని మళ్లీ పిలిపిస్తే, ముందు బురద చిమ్మి, ఆ తర్వాత తేట నీళ్లు పోసింది. కాకి వాలడం, తాటిపండు రాలడం. కానీ ఊళ్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, అందరూ కాకి కాళ్లకే మొక్కారు. పక్కింటి సోమమ్మ తన మోకాళ్ల కోసం రెండు చుట్లు తిరగమంది. మేకలు కాసే పెద్దులు తప్పిపోయిన మేకల కోసం అడిగిపోయాడు. నర్సింగమ్మయితే లెక్క తప్పకుండా చింతగింజలు పట్టుకుని గుడి అరుగు మీదే కూర్చోసాగింది. మొక్కు తీరింది కదా, ఇక చాలిస్తానని త్రివేణి ఒకసారి అని చూసింది. నువ్వు ఆపితే నీళ్లు ఆగిపోవా అంది అత్త. జ్వరమొచ్చిన రోజు కూడా తిరగక తప్పలేదు.

తట్టుకోలేక భర్తకు నిజం చెప్పింది. మొక్కూ లేదు, గిక్కూ లేదు, తలనొప్పికి నడిచానంది. మల్లికార్జున్ చెడ్డవాడేం కాదు.

"నువ్వు ఎందుకు తిరిగినవో గానీ, తిరిగితే నీళ్లు పడ్డయి. గీ మాట అమ్మకు చెప్పకు," అన్నాడు.

ఆమె నమ్ముకున్నది అతన్నే. ఆ తలుపూ మూసుకుంది.

ఎండలు ముదిరాక బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. ఊళ్లో బోర్లన్నీ అలాగే పోస్తున్నాయి, కానీ వాటి కోసం నిలదీయడానికి ఏ కోడలూ లేదు. నర్సింగమ్మ త్రివేణిని దగ్గర కూర్చోబెట్టుకుంది. తిట్టలేదు, తల నిమిరింది.

"బిడ్డా, నిజం చెప్పు. చుట్లు తిరుగుతుంటే నీ మనసు యాడుంటాంది?"

కాళ్లు తనవి కాకపోయినా, లోపల కాస్త చోటు మిగిలిందనుకుంది త్రివేణి ఇన్నాళ్లూ.

"నీళ్ల మీదనే అత్తమ్మా."

"ఊకుండి తిరిగింది చాలు. రేపటి సంది పైకే మొక్కుకుంట తిరుగు. నాకు వినబడాలె."

తెల్లవారి నర్సింగమ్మ అరుగెక్కి చెవి రిక్కించి కూర్చుంది. నీళ్లియ్యి స్వామీ, నీళ్లియ్యి స్వామీ అని గట్టిగా అంటూ త్రివేణి నడిచింది. గుడి వెనక్కి చేరగానే నోరు మూసుకుంది. వినబడతలేదని ముందు నుంచి అత్త గొంతు వచ్చింది. త్రివేణి మళ్లీ అందుకుంది. ఉన్న ఊపిరంతా ఆ మాటలకే సరిపోయింది.