ఆకుపచ్చ అయ్యేదాకా

పొగ లేస్తోంది. నారింజ రంగు పొగ.

పాత గొలుసులు, తెగిన గాజులు, జోడు తప్పిన కమ్మలు — అన్నీ కరిగి యాసిడ్‌లో ఉడుకుతుంటే, నర్సీపట్నంలో కంసాలి వీధి వెనకాల రేకుల షెడ్డులోంచి లేస్తోంది. చూడ్డానికి ఎంత అందమో! పీలిస్తే మాత్రం గొంతులో కారం కొట్టినట్టుంటుంది.

అడుగున బంగారం మిగులుతుంది. అది షెడ్డు యజమాని ఉమామహేశ్వరరావుది.

రాగిని మింగిన నీలం నీళ్లు టబ్బులో మిగులుతాయి. అవి షెడ్డులో కూలికి చేసే నూకరత్నం వంతు.

ఆ నీళ్లలో సున్నం కలపాలి. నురగ పొంగాలి, అణగాలి. నీలమంతా ముద్దై అడుక్కి దిగాలి. పైన తేరిన నీళ్లలో రంగు మారే కాగితం ముంచితే ఆకుపచ్చగా తేలాలి... అప్పుడే కాలవలోకి వదలాలి. కాగితం ఎర్రబడినా, నారింజకి తిరిగినా యాసిడ్ ఇంకా ఉన్నట్టే.

ఆ కాగితాలు అనకాపల్లి వెళ్లి నూకరత్నమే కొనుక్కొచ్చింది. ఉమామహేశ్వరరావుకి అదో వేళాకోళం. యాసిడ్ పోయిందో లేదో టబ్బు మీదికి వంగి వాసన చూసి చెప్పేస్తాడాయన. వాళ్ల నాన్న నాటి నుంచీ అంతే.

పోయిన నెలా అలాగే వాసన చూశాడు. అలాగే పారబోయించాడు.

కాలవ దిగువన రాచెల్ తోటకూర మడి. ఆకులు అంచుల్లో మాడిపోయాయి. రాచెల్ ఆ మాడిన ఆకు ఓ కట్ట తెచ్చి షెడ్డు గుమ్మంలో పడేసింది. ఆ పూట నూకరత్నానికి అన్నం సయించలేదు.

ఇప్పుడు పెళ్లిళ్ల సీజను. టబ్బు ఖాళీ కావాలి. ఆయన వంగాడు. పీల్చాడు.

“వాసన్నేదు. బేగి పారబొయ్యి.”

నూకరత్నం కళ్లు మండుతున్నాయి. ముక్కు మండుతోంది. గుమ్మం అవతల కుక్క కూడా తుమ్ముతోంది. ఈయనకి వాసన లేదట!

లేదట...

తల్లోంచి సంపెంగ తీసింది.

“కళ్లు మూసుకోండి బాబూ. ఇదేటో సెప్పండి.”

ఆయన నవ్వుతూనే కళ్లు మూసుకున్నాడు. ఆమె పువ్వు ముక్కు దగ్గర పెట్టింది. పీల్చాడు. మళ్లీ పీల్చాడు...

నవ్వు ఆగిపోయింది.

“నీళ్లకి వాసన నేక కాదు బాబూ. మీ ముక్కుకే తెలీట్నేదు. ఈ పొగే తినీసింది.”

ఆయన మొహం కందగడ్డయింది.

“పారబొయ్యకపోతే రేపట్నుంచి పన్లోకి రాకు!”

పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమెకి భయం వేసింది. అయినా వెళ్లి టబ్బుకీ కాలవకీ మధ్య పీట వేసుకుని కూర్చుంది — బాసింపట్టు వేసుకుని మరీ.

“రేపటి మాట రేపు. ఇయ్యాల ఈ కాయితం ఆకుపచ్చ అవ్వకుండా సుక్క కదల్దు.”

ఆయన అరిచాడు. ఆమె సున్నం వేసింది.

ఆయన అరిచాడు. ఆమె కర్రతో కలిపింది.

కాసేపటికి అరుపు ఆగింది. ఆయన గుమ్మంలో కూలబడ్డాడు. చేతిలో ఆ సంపెంగ. ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ పెట్టుకుంటున్నాడు...

ఆమెకి జాలేసింది. పీట మీంచి మాత్రం లేవలేదు.

కాగితం ముంచి, వెలుతురులోకి ఎత్తి చూసింది.

నారింజ రంగు. పొగ రంగే.

సున్నం డబ్బా దగ్గరికి లాక్కుంది.