సవరణ వేయని పేపరు

తెనాలి స్టేషన్ రోడ్డులో ‘మూడూళ్ళ వార్త’ అని ఒక దినపత్రిక ఉండేది. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఆ మూడూళ్ళ చుట్టూ ఉన్న పల్లెలే దాని లోకం. మధ్యాహ్నం రెండింటికి అచ్చయ్యేది. మూడున్నర రైలుకి రేపల్లె వైపు, నాలుగింటి రైలుకి బాపట్ల వైపు కట్టలు వెళ్ళిపోయేవి.

మరి సాయంత్రం అయిదింటికి జరిగే సభల సంగతేంటి? మర్నాటిదాకా ఆగితే విజయవాడ పెద్ద పేపర్లు పొద్దున్నే వేసేసి వీళ్ళ నోట్లో మట్టి కొడతాయి. దానికి న్యూస్ ఎడిటర్ శేషగిరిరావు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆహ్వానపత్రిక ముందేసుకుని, పొద్దున తొమ్మిదింటికే సభ జరిపించేసేవాడు. ఫలానావారు అధ్యక్షత వహించారు, ఫలానావారు అనర్గళంగా మాట్లాడారు, సభ చప్పట్లతో మార్మోగింది. అంతా తెనాలిలో కుర్చీలో కూచుని! సాయంత్రం వేదిక మీద పెద్దలు సభ మొదలవకముందే సభ దిగ్విజయమైందని చదువుకుని పొంగిపోయేవారు.

ఒకసారి బాపట్లలో కుండపోత వాన పడి సన్మానసభ ఆగిపోయింది. పేపర్లో మాత్రం సన్మానగ్రహీత కళ్ళు చెమర్చాయి. ఒక్కడంటే ఒక్కడు అడిగితే ఒట్టు! ఆ సన్మానగ్రహీత అయితే పాతిక కాపీలు అదనంగా తెప్పించుకున్నాడు. “పదకొండేళ్ళయింది. మన పేపర్లో ఇంతవరకూ ఒక్క సవరణ వెయ్యలేదు” అని శేషగిరిరావు వచ్చినవాడికల్లా చెప్పుకునేవాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి.

ఆ ఆఫీసులో సబ్ ఎడిటర్ కృపారావు. భట్టిప్రోలుకి రెండు మైళ్ళ అవతల, కాలువ పక్కన చినపాలెం అతనిది. ఆ పల్లెలో బీయే చదివినవాడు అతనొక్కడే. ఆ సంగతి శేషగిరిరావుకి కంట్లో నలుసు. అతన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. “ఏవోయ్ బీయే, ఆ గ్లాసు ఇటందుకో. ఏవోయ్ బీయే, నీ రాత నీకే అర్థమవుద్దా?” ఇదీ వరస. కృపారావు పళ్ళ బిగువున మూడేళ్ళు నెట్టుకొచ్చాడు. రోజూ తెనాలిలో తన గదికి వెళ్తూ ఆ మనిషిని దారి పొడుగునా తిట్టుకునేవాడు.

అరవై ఎనిమిది శ్రావణమాసంలో చినపాలెం కాలువ మీద వంతెన తయారైంది. అంతకుముందు పల్లెవాళ్ళు రెండు తాటిదుంగల మీద కాలువ దాటేవాళ్ళు. కొత్త వంతెన కట్టిన కాంట్రాక్టరు నాగేశ్వరరావు ఆ చుట్టుపక్కల నూరెకరాల ఆసామి, శేషగిరిరావుకి స్వయానా బావ. పంచాయతీ సమితి ప్రెసిడెంటు బసవేశ్వరరావు మంగళవారం సాయంత్రం అయిదింటికి వచ్చి రిబ్బను కత్తిరిస్తారు. కత్తిరించగానే పల్లె ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో ముందు నడవాలి, వెనక జనమంతా నడవాలి. ఆ బిందెలు ఎత్తుకునే వాళ్ళలో కృపారావు తల్లి ఉంది.

ఆదివారం ఇంటికి వెళ్తే మేనమామ యలమంద అతన్ని పక్కకి పిలిచాడు. యలమంద తాపీమేస్త్రి. ఆ వంతెనకి పని చేసినవాడే.

“అది వంతెన కాదురా అల్లుడా, ఇసుక్కుప్ప. సిమెంటు బస్తాలు పగలు దించడం, చీకటి పడితే ఆయనింటికి తోలడం. ఒకళ్ళిద్దరు నడిస్తే ఓర్చుకుంటదేమో. జనమంతా ఒక్కసారే ఎక్కితే మాత్రం కూలుద్ది. కాలవ చూశావుగా, గట్లొరుసుకుని పారతంది.”

“మరి ఎవరికీ చెప్పలేదా?”

“చెప్పాను. మూడ్రోజులు పనిలోంచి తీసేశారు.”

తల్లిని వెళ్ళొద్దని బతిమాలాడు. ఆవిడ చీపురు పక్కన పెట్టి కొడుకు వంక జాలిగా చూసింది. “ఊరంతా నడుస్తంటే నేనొక్కదాన్నీ గట్టు మీద నించుంటే, రేపు ఆ నాగేస్సర్రావు నన్ను కోతకి పిలుస్తాడా అయ్యా? నడవమన్నాడు, నడుస్తాం.”

సోమవారం కృపారావు ఉన్నదున్నట్టు వార్త రాసి శేషగిరిరావు బల్ల మీద పెట్టాడు. శేషగిరిరావు రెండు వాక్యాలు చదివాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలు కృపారావు చొక్కా జేబులో తనే కుక్కాడు.

“తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావటోయ్ బీయే? మా బావ కట్టిన వంతెన మీదా రాసేది? నీ పల్లెకి వంతెనే ఎక్కువ. ఇంకోసారి ఇలాంటి చెత్త నా బల్ల మీద కనపడిందంటే మెడ పట్టి గెంటుతాను.”

“ప్రాణాలు పోతాయండి.”

“పోతే అదీ వార్తే. వేద్దాంలే.”

ఆ మాటకి కృపారావు ఒళ్ళు మండిపోయింది. మనిషన్నవాడు అనే మాటేనా అది!

మంగళవారం పొద్దున శేషగిరిరావు మామూలుగానే వంతెన సభ జరిపించేశాడు. ప్రెసిడెంటుగారి ఉపన్యాసం నిండుగా రాశాడు. పదకొండు గంటలకి బావగారి కారు వచ్చింది. చినపాలెం దగ్గర తోటలో పెద్దలకి భోజనాలట. “ఇది కంపోజింగుకివ్వు. ప్రూఫ్ నువ్వే చూడు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే చూసుకో” అని అరిచి కారెక్కాడు.

కృపారావు కాగితాలు ముందేసుకుని కూచున్నాడు. ప్రెసిడెంటు బసవేశ్వరరావు సంగతి అతనికి బాగా తెలుసు. మైకు ముందు నిలబడితే ఆ మహానుభావుడికి నోరు పెగలదు. ‘మూడూళ్ళ వార్త’ పుణ్యమా అని ఆ బాధ తీరింది. సభలోకి కట్ట రాగానే కళ్ళజోడు పెట్టుకుని, తను ఏం మాట్లాడాడని పేపర్లో ఉందో అదే పైకి చదివేస్తాడు. మూడేళ్ళుగా ఇదే తంతు.

శేషగిరిరావు రాసిన ఉపన్యాసంలో మొదటి సగం అలాగే ఉంచాడు. రెండో సగం కొట్టేసి తను రాశాడు. రాసింది పట్టుకుని వెళ్ళి కంపోజిటరు సుందరయ్యకి ఇచ్చాడు. సుందరయ్య ముప్పయ్యేళ్ళుగా అచ్చక్షరాలు పేరుస్తున్న మనిషి. చదివి తలెత్తాడు.

“ఇది ఆయన దస్తూరీ కాదే బాబూ.”

“నాదే బాబాయ్.”

“ఉద్యోగం పోద్ది.”

“పోతే పోయింది. అక్కడ మా అమ్మ నడవబోతోంది.”

సుందరయ్య కళ్ళజోడు తుడుచుకుని అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు.

మూడున్నర రైలుకి కట్టతో పాటు కృపారావు కూడా ఎక్కాడు. భట్టిప్రోలులో దిగి, అద్దె సైకిలు వెనక కట్ట కట్టుకుని తొక్కాడు. అయిదింటికి చినపాలెం చేరేసరికి పందిరి నిండా జనం. వేదిక మీద ప్రెసిడెంటు, ఆయన పక్కన కాంట్రాక్టరు, అటుపక్క భోజనం బరువుతో కునుకుతూ శేషగిరిరావు. వంతెనకి అడ్డంగా ఎర్ర రిబ్బను. రిబ్బను దగ్గర కొత్త చీరల్లో ఆడవాళ్ళు, వాళ్ళ ముందు వరసలో బిందె నెత్తిన పెట్టుకుని అతని తల్లి. కృపారావు కట్ట విప్పి ఒక పేపరు వేదిక మీదికి అందించి, మిగతావి జనంలోకి పంచేశాడు.

ప్రెసిడెంటు లేచి, కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. “సోదర సోదరీమణులారా! చినపాలెం ప్రజల చిరకాల వాంఛ నేడు నెరవేరింది...” కాంట్రాక్టరు తల పంకించాడు. శేషగిరిరావు కునుకులోనే చిరునవ్వు నవ్వాడు. “...అయితే నాకు వంతెన కన్నా మీ ప్రాణాలు ముఖ్యం. స్తంభాలను మీ అందరి ఎదుట గునపంతో పొడిపించి చూసేదాకా ఒక్క ప్రాణి కూడా ఈ వంతెన ఎక్కడానికి వీల్లేదని ఇందుమూలంగా...”

అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగింది. కానీ అప్పటికే జనం ఆ ముక్క చేతుల్లోని పేపర్లో చదువుకుంటున్నారు. వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పందిరంతా అందుకుంది. ‘ప్రెసిడెంటుగారికీ జై’ అన్నారు. అన్ని జేజేలు ఆ మనిషి జన్మలో వినలేదు. ఒక్క క్షణం పేపరు వంక, ఒక్క క్షణం జనం వంక చూసి, ఛాతీ విరిచి మిగతాది గట్టిగా చదివేశాడు.

“వీల్లేదని ప్రకటిస్తున్నాను! ఏదీ, గునపం తెండి!”

శేషగిరిరావుకి మత్తు దిగిపోయింది. పేపరు లాక్కుని చూసుకున్నాడు. కాంట్రాక్టరు “ఏంటి బావా ఇది, ఏంటిది” అని అతని చొక్కా పట్టుకున్నాడు. ఈలోగా యలమంద గునపం భుజాన వేసుకుని గట్టు దిగాడు. మొదటి స్తంభానికి ఒక్కటే పోటు. గునపం మూరెడు లోపలికి దిగబడింది. పైకి లాగితే ఇసుక జలజలా కాలవలో పడింది.

జనం గుండెలు బాదుకుంటూ వెనక్కి జరిగారు. కృపారావు తల్లి బిందె దించి అక్కడే చతికిలబడింది. పక్కనున్న వాళ్ళ పిల్లలందర్నీ ఒక్కొక్కర్నీ తడిమి చూసుకుంది. కృపారావుకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

మర్నాడు ఆఫీసుకి ప్రెసిడెంటుగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ వార్త రాసిన వారెవరో గాని, వారి చేతికి బంగారు తొడుగు చేయించాలన్నారట. ఆ ఉత్తరం పట్టుకుని శేషగిరిరావు గదిలో పచార్లు చేశాడు. తీసేద్దామంటే ప్రెసిడెంటు ఊరుకోడు. అబద్ధం వార్త వేశాడందామంటే, వేసింది వేసినట్టు జరిగిపోయింది. ఒంటి గంటకి ఒక ప్రూఫ్ తెచ్చి కృపారావు మొహాన కొట్టాడు.

“చదువు.”

‘మా సబ్ ఎడిటర్ శ్రీ కృపారావు అనారోగ్య కారణాల వల్ల నేటితో తమ ఉద్యోగానికి రాజీనామా చేశారు. వారి సేవలు మరువలేనివి.’

“నేను రాజీనామా చెయ్యలేదండి.”

“రెండింటికి అచ్చవుద్ది. నాలుగింటికల్లా నువ్వు చేసినట్టే. నువ్వు నేర్పిన విద్యేగా, అనుభవించు. పల్లెలో పడి గడ్డి కోసుకో పో.”

కృపారావు ప్రూఫ్ మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివాడు. తప్పులేమీ లేవు. ప్రూఫ్ చూసినట్టు సంతకం పెట్టి అచ్చుగదికి పంపేశాడు. శేషగిరిరావు మీసం మీద చెయ్యేసుకున్నాడు.

పేపరు అచ్చయింది. మూడున్నర రైలు కూత పెట్టింది. నాలుగింటి రైలు కూడా వెళ్ళిపోయింది. మూడూళ్ళకీ కృపారావు రాజీనామా చేరిపోయింది. కృపారావు మాత్రం కుర్చీలో కదలకుండా కూచుని మర్నాటి మేటరు రాసుకుంటున్నాడు. శేషగిరిరావు వచ్చి చూసి బల్ల మీద గుద్దాడు.

“ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా? లేచి పో!”

“ఎందుకండి?”

“రాజీనామా చేశావు గనక! ఊళ్ళన్నీ చదివాయి!”

“చదివితే చదివాయండి. నేను చెయ్యలేదు. రాజీనామా కాగితం మీద నా సంతకం చూపించండి, ఇప్పుడే లేచి వెళ్తాను. లేదా మీరే తీసేశానని రాసివ్వండి, పట్టుకెళ్ళి ప్రెసిడెంటుగారికి చూపిస్తాను.”

శేషగిరిరావు మొహం కందగడ్డలా అయింది. అచ్చుగది గుమ్మంలో సుందరయ్య చేతులు తుడుచుకుంటూ నిలబడి చూస్తున్నాడు.

కృపారావు కొత్త కాగితం ఒకటి తీసుకుని, పైన పెద్ద అక్షరాలతో ‘సవరణ’ అని రాశాడు.

“మొదటి పేజీలో వేద్దామా సార్, ఆఖరి పేజీలోనా?”