గ్యారేజీకి పెట్టిన పేరు

మా గ్యారేజీకి రిపాజిటరీ అని పేరు పెట్టినవాడు మెల్విన్.

అప్పటికీ క్రెయిగీబర్న్ అనే ఈ నగర శివారులో, ఇదే ఇరుకైన మేడ ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నేను ట్రుగనీనాలో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి. నా భార్య జ్ఞానకుమారి వృద్ధాశ్రమంలో నర్సు. మాకు పిల్లలు లేరు. చర్చికి వచ్చే తెలుగు విద్యార్థులందరికీ ఆమె ఆంటీ.

విద్యార్థులు ఒక ఇంట్లో నిలకడగా ఉండరు. సెలవులకు ఇండియా వెళ్తూ గది ఖాళీ చేస్తారు, అద్దె మిగులుతుందని. సామాను ఎవరో ఒక ఆంటీ గ్యారేజీలో పెడతారు. తిరిగొచ్చాక కొత్త గదికి తీసుకెళ్తారు. కొందరు తీసుకెళ్ళరు. మా కారు ఎప్పుడూ రోడ్డు మీదే ఉండేది.

మెల్విన్‌ది తెనాలి. ఇక్కడ మాస్టర్స్ చదివేవాడు. ఇంగ్లీషు బాగా మాట్లాడేవాడు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వ్యాన్‌లో డబుల్ మంచం, ఫ్రిజ్, సోఫా, పెద్ద నీలం సూట్‌కేసు తెచ్చాడు.

"ఈ స్టోర్ రూమ్‌లో ఇంకెక్కడ పడతాయి నాన్నా?" అంది జ్ఞాన.

"స్టోర్ రూమ్ కాదాంటీ ఇది. రిపాజిటరీ."

"అంటే?"

"స్టోర్ రూమ్‌లో ఎవళ్ళ సామాను వాళ్ళు పడేసుకుంటారు. రిపాజిటరీ అంటే విలువైనవాటిని నమ్మి దాచిపెట్టే చోటు. మ్యూజియంలు, లైబ్రరీలు వాడే మాట. ఫార్మల్ వర్డ్."

"మనలాంటివాళ్ళు ఇంట్లో వాడకూడదా?"

"ఎందుక్కూడదూ? మనిషికి కూడా వాడొచ్చు. రిపాజిటరీ ఆఫ్ నాలెడ్జ్ అంటారు. మీరు మా సీక్రెట్స్ అన్నిటికీ రిపాజిటరీ కదా ఆంటీ!"

"గోడౌన్ అంటే సరిపోదూ?" అన్నాను నేను.

"గోడౌన్‌లో సరుకుంటది అంకుల్. ఇక్కడ ట్రస్ట్ ఉంటది."

"ముందు ఆ ట్రస్టు ఒక పక్క పట్టుకో. ఫ్రిజ్ దించాలి."

నేను చదివింది మా ఊరి మిషన్ బడిలో, పదో తరగతి దాకా. ఆ మాటకు నా నోరు తిరగలేదు. జ్ఞానకు తిరిగింది. అట్టముక్క మీద మార్కర్‌తో రాసి గ్యారేజీ తలుపుకు అంటించింది. అక్షరాలు మెల్విన్ చెప్పాడు.

ఆమె ఆ మాటను నిజంగానే తీసుకుంది. వాన పడితే గ్యారేజీలోకి నీళ్ళొస్తాయని, మా పనిలో పారేసే చెక్క ప్యాలెట్లు నా చేత తెప్పించి సామాను వాటి మీద పెట్టించింది. ప్రతి పెట్టెకూ పేరు అంటించింది. ఏ పెట్టెనూ తెరవలేదు.

మెల్విన్ చదువు ముగిసింది. సిడ్నీలో ఉద్యోగం దొరికి అక్కడే ద పాండ్స్ అనే పేటలో ఇల్లు తీసుకున్నాడు. సామాను మా దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి ఏడు జ్ఞానకు వెన్నులో గడ్డ అన్నారు. కాళ్ళు పట్టు తప్పాయి. మెట్లెక్కలేకపోయింది. మా పడకగది, స్నానాలగది పైన. కింద ఉన్నవి హాలు, వంటిల్లు, గ్యారేజీ. గ్యారేజీని ఆనుకుని బట్టలుతికే గది, అందులో ఒక టాయిలెట్. ఆస్పత్రి నుంచి హెలెనా అనే ఆవిడ వచ్చి ఇల్లంతా చూసింది. గ్యారేజీ ఖాళీ చేస్తే ఆస్పత్రి మంచం అక్కడ వేయొచ్చని, పట్టుకుని నడిపిస్తే టాయిలెట్‌కు వెళ్ళగలదని, అన్నిటికన్నా ముందు ఆమెకు మరుగు ఉంటుందని చెప్పింది.

ఆ చివరి మాటకు జ్ఞాన తలెత్తింది. ఎంతోమంది ముసలివాళ్ళకు బెడ్‌పాన్ పెట్టి తీసిన చేతులు ఆమెవి. తనకు ఎవరి ముందూ పెట్టకూడదు. ఆమె కోరింది అంతే.

అందరికీ ఫోన్లు చేసింది. దగ్గరున్నవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. రానివాళ్ళ పెట్టెలు మా పడకగదిలోకి మోశాను. మెల్విన్ మంచం, సోఫా, ఫ్రిజ్ మెట్ల మలుపు తిరగలేదు, ఇరుకు హాల్లో పట్టలేదు. గ్యారేజీ నడిమధ్యలో అవే మిగిలాయి. వాటి మీద నీలం సూట్‌కేసు.

"గ్యారేజీ కాస్త ఖాళీ చేయాలి నాన్నా. నాకు మంచం వేయాలంట," అంది ఫోన్‌లో.

"అయ్యో ఆంటీ, ఎలా ఉన్నారు? మేం డైలీ ప్రే చేస్తున్నాం."

"సామాను..."

"ఈ లాంగ్ వీకెండ్ హౌస్ వార్మింగ్ ఆంటీ, ఫుల్ బిజీ. నెక్స్ట్ మంత్ పక్కా వస్తా. అప్పటిదాకా కొంచెం సేఫ్‌గా చూడండి. ఫ్రిజ్ పెద్దగా వాడలా. సూట్‌కేసులో ఇంపార్టెంట్‌వి ఉన్నై."

నేను ఫోన్ లాక్కున్నాను. "ఎవర్నన్నా వ్యాన్ ఇచ్చి పంపు. నేనే ఎక్కిస్తా."

"ఫ్రెండ్స్‌ని అడుగుతా. చిల్ అంకుల్!"

ఎవరూ రాలేదు.

"ఇంటి ముందు గడ్డి మీద పెడతా. చెత్త తీసే కౌన్సిల్ లారీ ఎత్తుకుపోతుంది," అన్నాను.

"తప్పండీ."

"పోనీ పెరట్లో పెట్టి టార్పాలిన్ కప్పుతా."

"వానకి పాడైపోతై. మనల్ని నమ్మి పెట్టాడు."

"మరి నీ సంగతో?"

"నెలే కదండీ."

ఆస్పత్రి మంచం హాల్లో వేశారు, వీధి తలుపుకు ఎదురుగా. అక్కణ్ణుంచి టాయిలెట్ దాకా ఆమె నడవలేదు, అన్నీ మంచంలోనే. అడ్డంగా చీర కట్టాను. చలికాలం. తలుపు తీసినప్పుడల్లా గాలికి చీర లేచేది.

ఒక శనివారం పాస్టరుగారు, చర్చి ఆడవాళ్ళు ప్రార్థనకు వచ్చారు. ప్రార్థన మధ్యలో జ్ఞాన నా చెయ్యి పట్టుకుంది. నాకు అర్థమయ్యేలోపే అయిపోయింది. వాసన హాలంతా పరుచుకుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరూ గొంతు పెంచి పాడారు. మా పై గదిలో అద్దెకున్న ప్రిస్సిల్లా, నర్సింగ్ చదివే పిల్ల, మెట్లు దిగి వచ్చింది.

"పాట బయట పాడుకోండి ఆంటీ, ప్లీజ్. అందరూ బయటికి," అని తలుపు తీసింది.

వాళ్ళు పోయాక జ్ఞాన గోడవైపు తిరిగింది. "ఇంకెవర్నీ రానీకండి," అంది. ఆ తర్వాత ఎవరొచ్చినా వాకిట్లోంచే పంపేశాను. మెల్విన్ చెప్పిన నెల వచ్చింది, పోయింది. ఆగస్టులో, ఆ చీర వెనకాలే, ఆమె పోయింది.

సమాధి కార్యక్రమానికి మెల్విన్ విమానంలో వచ్చాడు. నల్ల సూటు వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు.

"షీ వాజ్ ఎ రిపాజిటరీ ఆఫ్ లవ్," అన్నాడు. పెద్దవాళ్ళ కోసం తెలుగులో కూడా చెప్పాడు, ప్రేమను భద్రంగా దాచిన మందసం అని. ఆమేన్ అన్నారు. నా పక్కనున్న శేషుకుమారిగారు కళ్ళు తుడుచుకుని, "ఎంత మంచి మాట వాడాడండీ!" అంది. ఆ పాట ఎత్తుకున్నది ఆవిడే.

సాయంత్రం అతను ఇంటికి వచ్చాడు. ప్రార్థన చేద్దామా అన్నాడు. ప్రిస్సిల్లా గ్యారేజీ తలుపు తీసింది.

"ముందు నీ ఇంపార్టెంట్‌వి చూసుకో అన్నా."

నీలం సూట్‌కేసు తెరిచాడు. బూజు పట్టిన రజాయి. శాండ్‌విచ్ మేకర్. యూనివర్సిటీవాళ్ళు ఊరికే ఇచ్చిన టీషర్టులు. పిజ్జా షాపు టోపీ. ఒక చెప్పు.

చేత్తో అటూ ఇటూ కెలికాడు. మూత వేశాడు.

"దీన్లో ఏం లేదంకుల్. అప్పుడేదో ఉందనుకున్నా. అన్నీ పడేయండి. ఫ్రిజ్ కావాలంటే మీరు వాడుకోండి."

"నీది నువ్వు తీసుకెళ్ళు."

"ఫ్లైట్‌లో ఎలా అంకుల్? క్యాబిన్ బ్యాగే ఉంది."

"అయితే ఉంటది. భద్రంగా ఉంటది."

నవ్వబోయాడు. ప్రిస్సిల్లా నవ్వలేదు. అతను మానుకున్నాడు.

మిగతావాళ్ళ పెట్టెలు కౌన్సిల్ లారీకి వేశాను. మెల్విన్‌వి వేయలేదు. అట్టముక్క కూడా తలుపు మీదే ఉంది.

ఏటా ఆగస్టులో అతను మెసేజ్ పెట్టేవాడు, ఆంటీని మిస్సవుతున్నామని, కింద చేతులు జోడించిన బొమ్మతో. నేను గ్యారేజీలోకి వెళ్ళి సూట్‌కేసు ఫోటో తీసి పంపేవాణ్ణి. "నీ సామాను ఉంది. ఎప్పుడొస్తావు?" అని రాసేవాణ్ణి. కొన్నేళ్ళకు అతను మానేశాడు. నేను మానలేదు.

ఈ ఏడు ప్యాలెట్ పుచ్చిపోయింది. కొత్తది తెచ్చి వేశాను. ఫోటో పంపాను.